చరిత్ర షోకి ప్యాకేజింగ్ ఎలా చేయాలి: ఓరుగల్లు ఉదాహరణతో సమగ్ర మార్గదర్శి

ప్యాకేజింగ్ అంటే టైటిల్, అక్షరాలు, రంగులు, పేరు పట్టీలు, ఇలా తెర మీద షోకి ఉండే రూపమంతా. టీవీలో చరిత్ర కార్యక్రమం అనగానే డిజైనర్ చేతికి ముందుగా వచ్చేవి మూడు: అంచులు కాలిన పాత కాగితం, బంగారు పోత అక్షరాలు, అడ్డంగా రెండు కత్తులు. శాతవాహనుల మీద షో అయినా ఇవే, కుతుబ్‌షాహీల మీద షో అయినా ఇవే. కత్తులు తీసేస్తే ఆ టైటిల్ కార్డు నగల దుకాణం ప్రకటనకు కూడా సరిపోతుంది. నేనూ మొదట్లో ఇలాంటివి చేశాను, కాబట్టి తిట్టే హక్కు నాకుంది.

ఆ కాలం తన గురించి తాను ఏ వస్తువు మీద రాసుకుందో చూడండి. షో రూపం అక్కడి నుంచి తీయండి. కాకతీయుల మాటలు మనకు చేరింది ఎక్కువగా రాతి మీద, రాగి రేకుల మీద. అలాంటప్పుడు కాలిన కాగితం ఎక్కడిది?

ఈ మార్గదర్శి అంతటికీ ఒకే ఉదాహరణ తీసుకుంటాను. 'ఓరుగల్లు' అనే పేరుతో పదమూడు వారాల షో, వారానికి అరగంట స్లాటు అనుకుందాం. షో ఊహ, అందులోని చరిత్ర నిజం. మీరు అమరావతి స్తూపం మీదో గోల్కొండ మీదో చేస్తున్నా అడుగులు ఇవే, వస్తువులు మాత్రం మారతాయి.

మొదటి అడుగు: స్క్రిప్టు చదవండి, ఒక్క వాక్యం పట్టుకోండి

పదమూడు స్క్రిప్టులూ ఒకేసారి చేతికి రావు. మూడైనా చదవకుండా కంప్యూటర్ ముందు కూర్చోకండి. చదివాక డైరెక్టర్‌ని ఒకటే అడగండి: "ఈ షో చూసినవాళ్ళు పక్కవాళ్ళతో ఏమని చెప్పుకోవాలి?" 'కాకతీయుల వైభవం' అనే జవాబు వస్తే ఒప్పుకోకండి. వైభవం అనే మాటకు బొమ్మ గీయలేం. 'ఈ కథంతా రాళ్ళ మీద రాసి ఉంది, మనమే చదవడం మానేశాం' లాంటి మాట దొరికేదాకా అడుగుతూనే ఉండండి. దానికి గీయొచ్చు.

రెండో అడుగు: ఆ ఊరికి వెళ్ళండి

ఇంటర్నెట్‌లో దొరికే ఫోటోలతో పని మొదలుపెడితే అందరూ చూసిన కోణమే మీకూ దొరుకుతుంది. ఓరుగల్లు కోట మధ్యలో నాలుగు వైపులా నాలుగు తోరణాలున్నాయి. గూగుల్‌లో కనిపించేది తోరణం ఎదుటి కోణం ఒక్కటే. దగ్గరికి వెళ్తే తోరణం మీది హంసలు కనిపిస్తాయి, కిందికి వేలాడే తామర మొగ్గలు కనిపిస్తాయి, చుట్టూ పడి ఉన్న విరిగిన ముక్కల్లో ఏనుగు తొండాలు, సగం తెగిన తీగలు కనిపిస్తాయి. గ్రాఫిక్స్‌కి నిజంగా పనికొచ్చేవి ఆ ముక్కలే.

చూడాల్సిన చోట్ల జాబితా ముందే రాసుకోండి. హనుమకొండలో 1163 నాటి వేయిస్తంభాల గుడి. పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. సముద్రం ఒడ్డున మోటుపల్లి, అక్కడ ఓడ వ్యాపారులకు గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం, రుద్రమదేవి మరణాన్ని తెలిపేది అదే. ఈ నాలుగింటినీ తాకి వస్తే షోకి కావలసిన ముడిసరుకు సగం దొరికినట్టే.

శాసనం ఫోటో తీయడానికి ఓ కిటుకుంది. మొదటిసారి నేను మిట్టమధ్యాహ్నం వెళ్ళి, రాయి మీద ఏమీ కనపడక తల పట్టుకున్నాను. అక్కడ మేకలు కాసుకుంటున్న పెద్దాయన నవ్వాడు. "గిప్పుడొస్తే ఏం కనవడతది బిడ్డా? పొద్దుగూకంగ రా, అచ్చరాలు వాటంతటవే లేస్తయ్" అన్నాడు. నిజమే. ఎండ ఏటవాలుగా పడితే ప్రతి గాడిలో నీడ నిలిచి అక్షరం పైకి లేస్తుంది. ఉదయం మొదటి గంట, సాయంత్రం చివరి గంట. ఎండ లేకపోతే బ్యాటరీ లైటు పక్క నుంచి పట్టుకోండి. ఈ ఏటవాలు వెలుతురే తర్వాత మీ షో లైటింగ్ సూత్రం అవుతుంది. స్టూడియోలో యాంకర్ ముఖం మీద పడే వెలుతురు కూడా పక్క నుంచే రావాలని కెమెరామన్‌కి చెప్పొచ్చు.

మూడో అడుగు: షోని మోసే ఒక్క బొమ్మ

శాసనాలు చదివేవాళ్ళు రాయిని నేరుగా చదవడం తక్కువ. ముందు అచ్చు తీసుకుంటారు. దాన్ని ఎస్టంపేజ్ అంటారు. రాయిని శుభ్రంగా తోమి, తడిపిన కాగితం దాని మీద పరిచి, బ్రష్‌తో కొడతారు. కాగితం అక్షరాల గాళ్ళలోకి దిగుతుంది. పైన సిరా గుడ్డ ఉండతో అద్దుకుంటూ పోతే రాతి పైభాగమంతా నల్లబడుతుంది, గాడిలో ఉన్న అక్షరం తెల్లగా మిగిలిపోతుంది. భారత పురావస్తు సర్వే వారి శాసన విభాగం మైసూరులో ఇలాంటి అచ్చులను భద్రపరుస్తోంది.

'ఓరుగల్లు'కి ఇంతకంటే మంచి బొమ్మ నాకు దొరకలేదు. నల్లటి సిరా, అందులో మిగిలిన తెల్లటి అక్షరం, అద్దిన గుడ్డ మచ్చలు. ఈ ఒక్క పని నుంచి టైటిల్ వస్తుంది, పేరు పట్టీ (మాట్లాడేవాళ్ళ పేరు, హోదా చూపేది) వస్తుంది, బ్రేక్ బంపర్ (ప్రకటనల విరామం దగ్గర వచ్చే చిన్న ముక్క) వస్తుంది, థంబ్‌నెయిల్ (ఆన్‌లైన్‌లో వీడియోకి ముఖచిత్రం) కూడా వస్తుంది. మూడు నాలుగు ఆలోచనలు కలిపి కిచిడీ చేయకండి. తోరణం, పేరిణి నాట్యం, కత్తి, దీపం అన్నీ ఒకే టైటిల్‌లో పెడితే ఏదీ గుర్తుండదు.

ఇక్కడ తోరణం గురించి ఓ హెచ్చరిక. ఎవరైనా ముందు దాన్నే లోగోగా పెట్టమంటారు. కాకతీయ తోరణం తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో చార్మినార్‌తో పాటు ఉంది. ఎదుటి కోణంలో తోరణం పెట్టిన క్షణం మీ షో ప్రభుత్వ ప్రకటనలా కనిపిస్తుంది. వరంగల్ వీధుల్లో చాలా స్వాగత ద్వారాలది అదే ఆకారం. తోరణం కావాలంటే పక్క నుంచి చూపించండి, లేదా ఒక్క హంసను తీసుకోండి.

బగ్ కోసం, అంటే తెర మూలన ఎప్పుడూ ఉండే చిన్న గుర్తు కోసం, నేనైతే సూర్యచంద్రులను తీసుకుంటాను. దాన శాసనాల రాళ్ళ మీద పైభాగాన సూర్యుడు, చంద్రరేఖ చెక్కి ఉంటాయి. ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులున్నంత కాలం ఈ దానం చెల్లుతుందని అర్థం. ఒక గుండ్రం, ఒక వంపు, అరవై పిక్సెళ్ళలోనూ గుర్తుపట్టొచ్చు. నేపాల్ జెండాలోనూ సూర్యచంద్రులే ఉన్నారు కాబట్టి రాతి చెక్కడపు గరుకు అంచు మాత్రం వదలకండి.

నాలుగో అడుగు: రంగులు

రంగులు కూడా అక్కడి నుంచే. రామప్ప గుడి గోడలది ఎర్రఛాయ ఇసుకరాయి, మదనికలు అనే స్త్రీ శిల్పాలున్న నల్లటి డోలరైట్ వేరే రాయి, శిఖరానికి వాడినవి తేలికైన ఇటుకలు. కోట తోరణాలు బూడిద రంగు గ్రానైటు. కాకతీయుల చెరువులు రామప్ప, పాకాల, లక్నవరం నేటికీ నీళ్ళతో ఉన్నాయి, వాటి ఆకుపచ్చ నీలం ఒకటి. అచ్చుసిరా నలుపు, తడి కాగితపు తెలుపు. ఇంతే, ఐదారు రంగులు.

నలుపును పూర్తి నలుపుగా, తెలుపును పూర్తి తెలుపుగా పెట్టకండి. సాధారణంగా టీవీ ప్రసారంలో ఎనిమిది బిట్ల వీడియోలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఆగుతాయి. కంప్యూటర్‌లో 0 నుంచి 255 వరకు చూసి మురిసిపోయిన బొమ్మ, స్థాయిలు సరిగ్గా మార్చకుండా పంపితే ప్రసారంలో నలుపు మురికిగానో, తెలుపు కాలిపోయినట్టుగానో వస్తుంది. కాగితపు తెలుపుకి కొంచెం పసుపు కలిపితే చాలు. బంగారు రంగు ఎక్కడా వద్దా? ఒక్క చోట ఉంచుకోండి, నిజంగా బంగారం చూపించేటప్పుడు.

ఐదో అడుగు: పేరు, అక్షరాలు

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. ఆరు వారాల పనిలో రెండు వారాలు అక్షరాలకే ఇచ్చినా నేను తప్పుపట్టను.

ముందు 'ఓరుగల్లు' అనే మాటను కాగితం మీద పెన్సిల్‌తో ఇరవైసార్లు రాయండి. 'ఓ' అక్షరం వెడల్పుగా కూర్చుంటుంది. తలకట్లు రెండే, రు మీదా గ మీదా, అవీ పక్కపక్కనే. ల్లు దగ్గర వత్తు కిందికి దిగుతుంది. అంటే బరువంతా కుడివైపు కిందికి లాగుతోంది, ఎడమవైపు కింద ఖాళీ. ఈ ఖాళీని చూసి భయపడి వత్తును కుదించేవాళ్ళున్నారు. వద్దు. ఆ ఖాళీలోనే ఉపశీర్షిక పెట్టండి: 'కాకతీయుల కథ, రాళ్ళు చెప్పినట్టు'. వత్తు ఎంత లోతుకి దిగిందో ఉపశీర్షిక అడుగు అంత లోతున ఉంటే మొత్తం ఒక రాతి పలకలా చతురస్రంగా కుదురుతుంది.

పాత కావ్యాల్లో ఇది అరసున్నతో 'ఓరుఁగల్లు'. డైరెక్టర్‌కి సాహిత్యాభిమానం ఉంటే అరసున్న పెడదామంటారు. నాకూ ఇష్టమే, కానీ టైటిల్‌లో వద్దంటాను. ఈ తరం ప్రేక్షకుల్లో చాలామందికి అది దుమ్ము మచ్చలా కనిపిస్తుంది, పైగా చాలా ఫాంట్లు దాన్ని సరైన చోట కూర్చోబెట్టవు.

ఇక లిపి ఎంత పాతదిగా ఉండాలి? కాకతీయుల నాటి శాసన లిపిని ఉన్నదున్నట్టు పెడితే ఎవరూ చదవలేరు. ఆ రోజుల్లో తెలుగు కన్నడ లిపులు ఇంకా పూర్తిగా విడిపోలేదు. ఇవాళ మన తలకట్టు టిక్కు గుర్తులా ఉంటే కన్నడంలో అది అడ్డగీతలా ఉంటుంది, రెంటికీ తల్లి ఒకటే. కాబట్టి అక్షరం ఆకారం నేటిది ఉంచండి, గీత నడక మాత్రం రాయి నుంచి తెచ్చుకోండి. ఉలి గీతకు కలం గీతలాగా సన్నం, లావు తేడా పెద్దగా ఉండదు. మొదలు చివర మొండిగా ఉంటాయి, వంపు దగ్గర చిన్న చిన్న నొక్కులుంటాయి. ఫోటోలు తీసిన శాసనం నుంచి ముప్పై అక్షరాలు ట్రేసింగ్ కాగితం మీద గీయండి. చేతికి అలవాటయ్యాక 'ఓరుగల్లు' రాయండి. కంప్యూటర్‌లో ఫాంటు తీసుకుని రఫ్ ఎడ్జ్ ఎఫెక్ట్ కొడితే రెండు నిమిషాల్లో అవుతుంది, కానీ రెండు అక్షరాల్లో ఉన్న ఒకే తలకట్టు ఒకే చోట ఒకేలా చిట్లి గుట్టు బయటపడుతుంది.

టైటిల్ చేత్తో రాసినా, మిగతా రాతకంతా ఫాంటు కావాలి. ఎపిసోడ్ పేర్లకు ఒకటి, పేరు పట్టీలకు ఇంకొకటి, రెండు చాలు. యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరం అదే అక్షరంగా చదవబడే పద్ధతి) ఫాంట్లు వాడండి. పేరు పట్టీలకు నేను అనేక్ తెలుగు వాడతాను. ఒకే ఫాంటులో సన్నం నుంచి లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా మార్చుకోవచ్చు, పొడవాటి హోదాలు వచ్చినప్పుడు ప్రాణం నిలబెడుతుంది. ఎపిసోడ్ పేర్లకు నోటో సెరిఫ్ తెలుగు గానీ టీరో తెలుగు గానీ బాగుంటాయి. రామభద్ర లాంటి లావు ఫాంట్లు థంబ్‌నెయిల్‌కి సరే, తెర మీద చిన్న సైజులో లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. ఇవన్నీ ఓపెన్ లైసెన్సు ఫాంట్లే, ఖర్చు లేదు.

ఫాంటు ఎంచుకునే ముందు 'అమ్మ, ఆవు' రాసి చూసి సంతోషపడకండి. చరిత్ర షోలో నిజంగా వచ్చే మాటలతో పరీక్షించండి: ఇక్ష్వాకులు, రాష్ట్రకూటులు, విష్ణుకుండినులు, ద్రాక్షారామం, త్రైలోక్యమల్లుడు, స్త్రీ. 'రాష్ట్ర'లో ట వత్తు, ర వత్తు రెండూ ఎక్కడ కూర్చున్నాయో చూడండి. ఈ ఆరు మాటలూ దాటిన ఫాంటు ఏదైనా దాటుతుంది. రెండు వరుసల రాత ఉంటే వరుసల మధ్య దూరం అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్ల పైనే ఉంచండి. ఇంగ్లీషు టెంప్లేట్‌లో ఉన్న దూరం వదిలేస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడి గుర్తులతో కుస్తీ పడతాయి.

సాఫ్ట్‌వేర్ పెట్టే టెన్షన్

దీన్ని అడుగుగా లెక్కపెట్టలేదు, ఎందుకంటే ఇది మధ్యలో ఎప్పుడైనా వచ్చి పడుతుంది. అడోబీ సాఫ్ట్‌వేర్లలో టైపు సెట్టింగుల్లోకి వెళ్ళి దక్షిణాసియా లిపులకు పనికొచ్చే టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాలి. లేకపోతే 'క్క' అని టైపు చేస్తే పొల్లుతో విడివిడిగా వస్తుంది. ఈ సెట్టింగ్ ప్రతి కంప్యూటర్‌లోనూ మార్చాలి. మీ దగ్గర బాగున్న ఫైలు ఎడిటర్ దగ్గర విరిగిందంటే కారణం ముందు ఇదే అనుకోండి.

అక్షరాల మధ్య దూరం పెంచడం, అంటే ట్రాకింగ్, తెలుగుకి సరిపడదు. గుణింతాలు, వత్తులు అక్షరం నుంచి దూరంగా జరిగి పోతాయి. ఒక్కో అక్షరంగా ప్రత్యక్షమయ్యే టైపింగ్ ఎఫెక్ట్ ఇంకా ప్రమాదం. ఇంగ్లీషులో అది ముచ్చటగా ఉంటుంది. తెలుగులో 'క్ష' రావాలంటే ముందు 'క' కనిపించి, తర్వాత పొల్లుతో 'క్' అయి, ఆ తర్వాత 'క్ష' అవుతుంది. తెర మీద అక్షరం నత్తి పడుతున్నట్టుంటుంది. కావాలంటే రాతను షేపులుగా మార్చి, అక్షరం, దాని గుణింతం, వత్తు కలిపి ఒక గ్రూపు చేసి కదిలించండి.

స్క్రిప్టు పాత అను ఫాంటులో వచ్చిందా? అది యూనికోడ్ కాదు. కాపీ చేసి అతికిస్తే చెత్త వస్తుంది. కన్వర్టర్‌లో వేశాక కూడా ఒక ప్రూఫ్ రీడర్ కళ్ళు పడాల్సిందే.

ఆరో అడుగు: టైటిల్ మాంటేజ్

షో మొదట్లో పేరుతో వచ్చే ఈ ముక్కకి ఇరవై సెకన్లు చాలు. సెకనుకు 25 ఫ్రేములు, అంటే మొత్తం ఐదువందలు. స్టోరీబోర్డు కాగితం మీద గీసుకోండి. నా లెక్క ఇది: తడి కాగితం రాయి మీద పడుతుంది. బ్రష్ దెబ్బలు, ఒక్కో దెబ్బకీ కాగితం కింద నుంచి ఒక్కో రూపం ఉబ్బుతుంది, హంస, తామర మొగ్గ, వరాహం. వరాహం కాకతీయుల రాజలాంఛనం, సింహం పెట్టకండి. తర్వాత సిరా గుడ్డ అద్దుకుంటూ పోతుంది, తెర నల్లబడుతుంది, తెల్లగా మిగిలినవి కలిసి 'ఓరుగల్లు' అవుతాయి. చివరి అద్దుకి ల వత్తు తేలుతుంది. అక్కడ ఆగాలి. ఆ తర్వాత మెరుపు, నిప్పురవ్వలు, దుమ్ము ఏవీ వద్దు.

ఇదంతా త్రీడీలో చేయొచ్చు. నా మాట వింటే నిజంగానే చేసి షూట్ చేయండి. ఓ రాతి పలక మీద శిల్పితో టైటిల్ చెక్కించి, దాని మీదే అచ్చు తీస్తూ పై నుంచి కెమెరా పెట్టండి. అసలు శాసనాల మీద మాత్రం ఈ ప్రయోగం చేయకూడదు. గుడి గోడకు సిరా అంటితే మీ షో గురించి పేపర్లలో వేరే విధంగా వస్తుంది.

శబ్దం కూడా రూపంలో భాగమే. శంఖం, గుడి గంట, పెద్ద డ్రమ్ము అందరూ వాడేశారు. బ్రష్ తడి కాగితం మీద పడే 'టప్ టప్' శబ్దాన్ని దగ్గర మైకుతో రికార్డు చేసి, సంగీత దర్శకుడికి తాళంగా ఇవ్వండి. ఐదు సెకన్ల బ్రేక్ బంపర్‌కి మూడు దెబ్బలు సరిపోతాయి. వంటింట్లో ఉన్నవాళ్ళు ఆ మూడు దెబ్బలు విని షో మళ్ళీ మొదలైందని తెలుసుకోవాలి.

ఏడో అడుగు: ఏది ఆధారం, ఏది ఊహ

చాలా షోలు ఇక్కడే తప్పుతాయి. రుద్రమదేవిదని రూఢిగా చెప్పగల సమకాలీన ముఖచిత్రం మనకు లేదు. అయినా తెర మీద ఓ అందమైన పెయింటింగ్ వేసి కింద 'రుద్రమదేవి' అని రాస్తాం. చూసే పిల్లలకు అదే ఆమె ముఖమైపోతుంది. కంప్యూటర్ ఏ ముఖం కావాలంటే ఆ ముఖం తయారు చేసి ఇచ్చే ఈ రోజుల్లో ఇది ఇంకా పెద్ద ఇబ్బంది.

దీనికి మందు డిజైన్‌లోనే ఉంది. మూడు రకాల బొమ్మలకు మూడు వేషాలు పెట్టండి. ఇవాళ కళ్ళతో చూడగలిగేది, అంటే గుడి, శాసనం, నాణెం, పూర్తి రంగుల్లో, ఏ టెక్స్చరూ లేకుండా. ఆధారాలను బట్టి గీసుకున్నది, అంటే కూలిన గుడి ఒకప్పుడెలా ఉండేదో చూపే బొమ్మ, నల్లటి నేల మీద తెల్ల గీతల్లో మాత్రమే, రంగులు నింపకుండా. జనం చెప్పుకునే కథ, తర్వాతి కాలంలో రాసిన కథ, ఎర్రటి నేల మీద చేర్యాల నకాశీ పటాల పద్ధతిలో. ఆ పటాలు పుట్టిందే కథ చెప్పడానికి కాబట్టి అతికినట్టు కుదురుతుంది, చేర్యాల కళాకారులకే ఆ పని ఇస్తే ఇంకా మంచిది.

మొదటి ఎపిసోడ్‌లో యాంకర్ ఒక్కసారి ఈ పద్ధతి చెబితే చాలు. మూడో వారానికి ప్రేక్షకుడు ఎరుపు చూడగానే 'ఇది కథ' అని తనే అనుకుంటాడు. పదమూడు వారాల ప్యాకేజింగ్‌లో నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇది. టైటిల్ మాంటేజ్‌కి బడ్జెట్ తగ్గించైనా దీన్ని నిలబెట్టండి.

ఎనిమిదో అడుగు: పేరు పట్టీలు, సంవత్సరాలు

తెలుగులో హోదాలు పొడుగు. 'పురావస్తు శాఖ విశ్రాంత సహాయ సంచాలకులు' అనేది ఒక వరుసలో పట్టదు. పట్టీని మొదటే రెండు వరుసలకు గీసుకోండి: పై వరుసలో పేరు, కింద హోదా. హోదా ముప్పై అక్షరాలు దాటితే కుదించమని రీసెర్చ్ టీముకి ముందే చెప్పండి. 1080 వరుసల తెర మీద పేరు 48 పిక్సెళ్ళకు, హోదా 36కి తగ్గనివ్వకండి.

సంవత్సరం ఎలా రాయాలో ఒకసారి నిర్ణయించి పదమూడు వారాలూ అదే పాటించండి. శాసనాల్లో శక సంవత్సరాలుంటాయి. 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది, రామప్ప శాసనంలోని శకం 1135 మన 1213. శాసనం చూపేటప్పుడు రెండూ పెట్టండి, మిగతా చోట్ల క్రీస్తు శకం ఒక్కటే. తెలుగు అంకెలు అందంగా ఉంటాయి, ౧౨౧౩ అని ఎపిసోడ్ కార్డు వెనక పెద్దగా అలంకారంగా వేసుకోండి. చదవాల్సిన చోట మాత్రం మామూలు అంకెలే.

ఊళ్ళ పేర్లకూ రాజుల పేర్లకూ ఒక పట్టిక తయారు చేయండి. హన్మకొండా, హనుమకొండా? 2021లో జిల్లా పేరే హనుమకొండ అయింది, దాన్నే వాడండి. ఒక ఎపిసోడ్‌లో ఒకటి, మరో ఎపిసోడ్‌లో ఇంకొకటి వస్తే ముందు ఫోన్ చేసేది వరంగల్ ప్రేక్షకులే.

తొమ్మిదో అడుగు: మ్యాపులు

కాకతీయ రాజ్యం మ్యాపు మీద నేటి రాష్ట్రాల సరిహద్దులు వేయకండి. ఆ కాలపు రాజ్యాలకు గీత గీసినట్టు సరిహద్దులు ఉండేవి కావు, కాబట్టి అంచు సిరా తడిలో పాకినట్టు మసకగా వదలండి, అచ్చు పద్ధతికి అదీ కలిసొస్తుంది. గోదావరి, కృష్ణ, తీరం, చెరువులు ముందు గీసి, ఊళ్ళు తర్వాత. ప్రతి మ్యాపులో ఓరుగల్లు ఒకే చోట, ఒకే సైజులో ఉండాలి, లేకపోతే చూసేవాడు ప్రతిసారీ కొత్తగా వెతుక్కోవాలి. నేటి భారతదేశం మ్యాపు వేయాల్సి వస్తే సర్వే ఆఫ్ ఇండియా సరిహద్దులే వాడండి, అందులో పొరపాటు చట్టం దాకా వెళ్తుంది.

పదో అడుగు: తెర కొలతలు

1920, 1080 ఫ్రేములో నాలుగు వైపులా ఐదు శాతం వదలండి, అంటే పక్కల 96 పిక్సెళ్ళు, పైనా కిందా 54. రాతంతా ఆ లోపల ఉండాలి. పుస్తకాల్లో ఇంతవరకే ఉంటుంది. తెలుగు ఛానల్‌లో ఇంకా రెండుంటాయి: మూలన ఛానల్ లోగో, కింద స్క్రోలింగ్. ఆ ఛానల్ నిన్నటి ప్రసారం నుంచి ఓ స్క్రీన్‌షాట్ తీసుకుని మీ డిజైన్ మీద పొరగా పెట్టుకుని పని చేయండి. ఓ షోకి నేను ఇది చేయలేదు. మొదటి వారం ప్రసారంలో ఓ పెద్ద ప్రొఫెసర్ గారి హోదాలోని వత్తులన్నీ స్క్రోలింగ్ మింగేసింది. 'శాస్త్రవేత్త' కాస్తా 'శాసవేత' అయింది. ఆయన నవ్వి ఊరుకున్నారు, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర లేదు.

అడ్డగీతలు రెండు పిక్సెళ్ళ కంటే సన్నగా ఉంటే ఇంటర్‌లేస్ ప్రసారంలో, అంటే బొమ్మను వరుస విడిచి వరుసగా పంపే పద్ధతిలో, మిణుకుమంటాయి. తెల్ల గీతల పునర్నిర్మాణ బొమ్మల్లో ఇది తప్పకుండా వస్తుంది, మూడు పిక్సెళ్ళు పెట్టుకోండి.

ఇప్పుడు చాలామంది ఫోన్‌లోనే చూస్తున్నారు. రీల్స్ కోసం 1080, 1920 నిలువు ఫ్రేము మొదటి రోజే గీయండి. 'ఓరుగల్లు' నిలువులో 'ఓరు' పైన, 'గల్లు' కింద అని విరగ్గొడదామంటారు ఎవరో ఒకరు. 'గల్లు' అంటే పైసల డబ్బా గుర్తొస్తుందని నేను ఒప్పుకోను. ఒకే వరుసలో చిన్నగా పెట్టి, పైన ఒక్క హంసను పెద్దగా వదలండి. థంబ్‌నెయిల్ 1280, 720, అందులో నాలుగు మాటలకు మించి రాయకండి.

పదకొండో అడుగు: అనుమతులు

ఓరుగల్లు కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప మూడూ భారత పురావస్తు సర్వే రక్షణలో ఉన్నాయి. టికెట్ కొని సొంతానికి ఫోటోలు తీసుకోవడం వేరు, ప్రసారానికి షూట్ చేయడం వేరు. రెండో దానికి ముందస్తు అనుమతి కావాలి, డ్రోనుకి విడిగా. దరఖాస్తు డిజైన్ మొదలైన వారమే పెట్టించండి.

పాత ఫోటోలు వాడేటప్పుడు, భారత చట్టం ప్రకారం ఫోటోకి హక్కు అది తీసినవారు చనిపోయాక 60 ఏళ్ళ దాకా ఉంటుంది. అది దాటినా మ్యూజియం స్కాన్‌కి మ్యూజియం షరతులు ఉండొచ్చు, అడిగి తీసుకోండి. అశోక స్తంభం సింహాలు జాతీయ చిహ్నం, దాని వాడకం మీద 2005 నాటి చట్టం ఉంది, అలంకారంగా పెట్టకండి.

అప్పగింత

పదిహేను పేజీల స్టైల్ గైడ్ చాలు. టైటిల్, బగ్, రంగుల సంఖ్యలు, ఫాంటు ఫైళ్ళు, మూడు రకాల బొమ్మల నమూనాలు, పేర్ల పట్టిక, ఆరు పరీక్ష మాటలు. ప్రతి దానికీ 'ఇలా చేయొద్దు' అనే ఒక బొమ్మ కూడా పెట్టండి, రాత్రి డ్యూటీలో ఉన్న ఎడిటర్ పేరాలు చదవడు, బొమ్మ చూస్తాడు. పేరు పట్టీ టెంప్లేట్‌లో పేరు, హోదా తప్ప మిగతా పొరలన్నీ లాక్ చేయండి.

ఇచ్చేముందు పీసీఆర్‌లో, అంటే ఛానల్ కంట్రోల్ గదిలో కూర్చుని, ఛానల్ లోగో, స్క్రోలింగ్ వేయించి, ఒక పూర్తి ఎపిసోడ్ మామూలు టీవీ మీద చూడండి. తర్వాత అదే ఎపిసోడ్ ఫోన్‌లో, ఎండలో నిలబడి చూడండి. ల వత్తు రెండు చోట్లా కనిపిస్తే ఫైళ్ళు పంపేయొచ్చు.